ఇంజను చల్లారేదాకా

కిందటి వారం మమ్మల్ని ఫొటోగ్రాఫరు గారి గేటు ముందు నిలబెట్టి వదిలేశాను. పాపం, అప్పటినుంచీ అక్కడే ఉన్నాం ముగ్గురం: నేను, పెదనాన్న, పెద్దమ్మ.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పేస్తాను. నేను పశువుల డాక్టర్ని. ఉద్యోగంలో చేరి నెల కాలేదు. నా ఆసుపత్రి ఇసుక దిబ్బలకి ఇవతల ఉంది. నా రోగులు, అంటే గొర్రెలు, అవతల దొడ్లలో ఉన్నాయి. మధ్యలో ఇరవై కిలోమీటర్ల ఇసుక. మామూలు బండి అందులో దిగిందంటే ఇరుసు దాకా కూరుకుపోతుంది. ఆఫీసువాళ్లని జీపు అడిగితే "పరిశీలిస్తున్నాము" అని ఉత్తరం పంపారు. ఉత్తరం ఎక్కి దిబ్బలు దాటలేను కదా! అందుకని ఇసుకలో నడిచే బగ్గీ ఒకటి, పాతదైనా సరే, సొంతంగా కొనుక్కోవాలని తేల్చుకున్నాను. రోజూ ఒక్కదాన్నీ దాని మీదే పోవాలి, రావాలి. మధ్యలో ఆగిపోతే పిలిస్తే పలికే దిక్కు ఉండదు.

పాత బండి అంటే పెదనాన్న చూడాల్సిందే. నలభై ఏళ్లు మెకానిక్ షెడ్డు నడిపిన మనిషి. నన్ను పెంచిన మనిషి కూడా. పెదనాన్న వస్తే పెద్దమ్మ వస్తుంది. ఇది మా ఇంట్లో మూడేళ్లుగా నడుస్తున్న వింత. ఆయన ఏ బండి ముందు వంగినా, ఆవిడ వెనకాల నిలబడి ఎడమ చెయ్యి ఆయన భుజం మీద వేసి ఉంచుతుంది.

"వదిలేస్తే ఎగిరిపోతాడా పెద్దమ్మా?" అని నేను ఏడిపించని వారం లేదు.

"ఈ వయసులో ఎగరడు గానీ, పడతాడు" అంటుంది.

సరే, గేటు తెరుచుకుంది. రేకుల షెడ్డు కింద బగ్గీ ఎర్రగా మెరిసిపోతోంది. రెండే సీట్లు, పైన ఇనప గొట్టాల చట్రం, లావుపాటి నాలుగు చక్రాలు. ఫొటోగ్రాఫరు గారు దాని మీద కొత్త జంటల్ని ఒక్కొక్కరిగా దిబ్బల మీదికి చేరవేసి ఫొటోలు తీసేవాడట. నా మనసు అక్కడే జారిపోయింది. "బాగుంది కదా పెదనాన్నా!" అన్నాను బండి కేసి చూస్తూ.

"నాతో మాట్లాడేటప్పుడు మొహం ఇటు పెట్టి మాట్లాడు. బండికి చెప్తావేం?" అని కసిరాడు. ఈ కసురు కూడా మూడేళ్లుగా ఉన్నదే. వయసు మీద పడ్డాక చాదస్తం పెరిగిందని సరిపెట్టుకున్నాను.

ఆయన రంగు చూడలేదు, సీట్లు చూడలేదు. తిన్నగా వెనక్కి వెళ్లి, ఇంజను మీద అరచెయ్యి పెట్టాడు, జ్వరం చూసినట్టు.

"బాబూ, పొద్దున స్టార్ట్ చేశావా?"

"ఊరికే అండీ, ఒక్క పది నిమిషాలు" అన్నాడు ఫొటోగ్రాఫరు. "తీరా మీరొచ్చాక స్టార్ట్ అవకపోతే బాగోదని."

"వెచ్చటి ఇంజను అత్తారింటికొచ్చిన కొత్త అల్లుడు. నాలుగు రోజులు మర్యాదగానే ఉంటాడు. అసలు బుద్ధి తెలియాలంటే చల్లారాలి. కూర్చుంటాం."

ఫొటోగ్రాఫరు నోరు తెరిచి, ఏదో అనబోయి, కుర్చీలు తేవడానికి వెళ్లాడు.

కూర్చుంటాం అన్నాడే గానీ పెదనాన్న ఎక్కడ కూర్చున్నాడు! గోనెపట్టా పరుచుకుని బండి కింద దూరాడు. నన్నూ రమ్మన్నాడు. ఉద్యోగస్తురాలిని, ఇస్త్రీ చీర కట్టుకున్నదాన్ని, దూరాను.

"రంగు కొత్తది. కొత్త రంగు చూసి మురవకూడదు, ఏం దాస్తున్నావని అడగాలి. కంటితో కాదు, వేలితో అడుగు. అతుకుని రంగు కంటికి దాచగలదు గానీ వేలికి దాచలేదు."

ఒక్కో గొట్టం, ఒక్కో కీలూ వేలితో తడుముతూ పోయాం. ముందు చక్రం దగ్గర ఒకచోట వేలు చిన్న గట్టు ఎక్కింది. ఫొటోగ్రాఫరు తల గోక్కుంటూ, "అక్కడ ఓసారి రాయికి కొట్టానండీ" అని ఒప్పేసుకున్నాడు. పెదనాన్న ఆ అతుకుని మూడుసార్లు తడిమి, "అతికినవాడు పని తెలిసినవాడే. పరవాలేదు" అన్నాడు.

చక్రాల్ని జాకీ మీద లేపి, పైనొక చెయ్యి కిందొక చెయ్యి వేసి ఊపమన్నాడు. మూడు గట్టిగా ఉన్నాయి. వెనక ఎడమది ఊడబోయే పన్నులా ఆడింది. "బేరింగు పోయింది. చిన్న రోగమే, మార్చుకోవచ్చు." తర్వాత నన్ను సీట్లో కూర్చోబెట్టాడు.

"మీటరు చూడు. ఎన్ని గంటలు నడిచానంటోంది?"

"మూడొందలు."

"పెడలు చూడు. రబ్బరు నున్నగా అరిగిపోయింది. ఇద్దర్లో ఎవర్ని నమ్ముతావ్?"

"పెడల్ని."

"ఎందుకు?"

"మీటరు వైరు పీకొచ్చు. పెడలుకి పీకడానికి వైరు లేదు."

"నేను కొనేటప్పటికే అలా ఉందండీ!" అన్నాడు ఫొటోగ్రాఫరు. ఎవరూ అడగలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం అనుకుని, ఆయన మీద ఓ కన్నేసి ఉంచాను.

చివర్న గాలి పీల్చే డబ్బా విప్పాడు పెదనాన్న. లోపల ఫిల్టరు కొత్తగా తెల్లగా ఉంది. నేను సంతోషించేలోపే, ఫిల్టరు తీసి, దాని వెనకాల గొట్టంలో వేలు పెట్టి తిప్పి, ఆ వేలు నా అరచేతిలో రాశాడు. సన్నటి ఇసుక.

"ఫిల్టరు నిన్నటిది, ఇసుక ఎప్పటిదో. ఇది ఇంజను కడుపులోకి పోతే ఏమవుతుంది?"

"అరుగుతుంది."

"అరిగితే పిస్టను వదులవుతుంది, సిలిండరు గోడకి కొట్టుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడే ఆ చప్పుడు వినపడుతుంది. వేడెక్కాక ఇనుము ఉబ్బి సందు మూసుకుంటుంది, చప్పుడు మాయమవుతుంది. అందుకే ఈ కూర్చోడం. ఇక నా చెవి చెప్పాలి, కొనాలో వద్దో."

అప్పటిదాకా పెద్దమ్మ ఆయన వెనకే ఉంది. ఆవిడ టైలరు. ముప్పై ఏళ్లుగా మా ముందు గదిలో కుట్టుమిషను తొక్కుతోంది. ఆ సంగతి మాటల్లో తెలుసుకున్న ఫొటోగ్రాఫరు గారి అమ్మ టీ తెచ్చి, గ్లాసులు మాకిచ్చి, పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది.

"వదినా, మా మిషను పొద్దుట్నుంచీ దారం తెంపేస్తోంది. సాయంత్రానికి మనవరాలి గౌను అవ్వాలి. ఒక్కసారి వచ్చి చూద్దురూ."

"ఈ ఇంజను సంగతి తేలాక వస్తానండీ" అంది పెద్దమ్మ.

"వెళ్లవే, పాపం అంతగా అడుగుతున్నారు" అన్నాడు పెదనాన్న. "ఇక్కడ నువ్వు చేసేదేముంది? వినడమేగా."

పెద్దమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఆయన గ్లాసులోకి చూశాడు. ఆవిడ వెళ్లింది, గుమ్మం దాటేలోపు రెండుసార్లు వెనక్కి తిరిగి చూస్తూ. ఎంత ప్రేమో అనుకుని నేను నవ్వుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

ఇంజను చల్లబడింది. ఫొటోగ్రాఫరు తాళం తిప్పాడు. ఒకసారి మూలిగింది, రెండోసారి దగ్గింది, మూడోసారికి అందుకుంది. షెడ్డు రేకులు అదిరాయి. ఆ రొదలో, ఒక పక్కగా, స్పష్టంగా వినిపించింది. టక్. టక్. టక్. గాజు గ్లాసు మీద చెంచాతో కొట్టినట్టు.

గొర్రె గుండెలో గురక పట్టుకునే చెవులు నావి. పొరపాటు పడే సమస్యే లేదు.

పెదనాన్న జేబులోంచి పొడుగాటి స్క్రూడ్రైవరు తీశాడు. మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. చిన్నప్పుడు ఆ స్క్రూడ్రైవరు నా చెవికి పెట్టి "విను, ఇది మాట్లాడుతుంది" అనేవాడు. నేను స్టెతస్కోపు పట్టుకోవడానికి మూలం అదే. ఆయన చాలాసేపు అలాగే ఉండి, కళ్లు తెరిచి, తల పంకించాడు.

"బంగారంలాంటి ఇంజను."

ఫొటోగ్రాఫరు తెల్లబోయి నాకేసి చూశాడు. నేను ఆయనకేసి చూశాను. టక్ టక్ మంటూనే ఉంది.

ఇదేదో పెదనాన్న ఎత్తు అనుకున్నాను ముందు. మెచ్చుకుని, తర్వాత దెబ్బ వేస్తాడేమోనని. వెనకాల నిలబడి "పెదనాన్నా" అన్నాను. పలకలేదు. ఇంకొంచెం గట్టిగా, "పెదనాన్నా, చప్పుడు వస్తోంది" అన్నాను. స్క్రూడ్రైవరు గుడ్డతో తుడుచుకుంటున్నాడు. అనుమానం వచ్చి గట్టిగా అరిచాను.

"పెదనాన్నా, నీ చొక్కా అంటుకుంది!"

ఫొటోగ్రాఫరు ఉలిక్కిపడి తన చొక్కా చూసుకున్నాడు. పెదనాన్న గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు అర్థమైంది. మొహం ఇటు పెట్టి మాట్లాడమనే కసురు. టీవీ చూస్తూ అందరూ నవ్వాక నవ్వడం. అన్నిటికంటే, పెద్దమ్మ చెయ్యి. ఆ వేళ్లు ఆయన భుజం మీద ఊరికే ఉండేవి కావు, మెల్లగా ఆడుతూ ఉండేవి. అది మురిపెం అనుకున్నాను నేను. మురిపెమే, కాదనను. కానీ ఆవిడ ఇంజను చప్పుడుని అచ్చు అలాగే ఆయన భుజం మీద కొట్టి చెబుతోంది. మూడేళ్లుగా. మిషను తొక్కి తొక్కి ఆ లయ ఆవిడ వేళ్లలో ఉంది. దొడ్డి గడప మీంచే ఏ గొర్రెకి చెవి నొప్పో చెప్పే డాక్టర్ని, ఒకే ఇంట్లో ఉండి ఇది కనిపెట్టలేకపోయాను. సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది, మింగేశాను.

ఇప్పుడేం చెయ్యాలి? "నీకు వినపడ్డం లేదు పెదనాన్నా" అని పరాయివాడి ముందు అంటే, నలభై ఏళ్ల మేస్త్రీతనాన్ని నా చేత్తో నేనే తీసి పక్కన పెట్టినట్టు. ఊరుకుని కొనేస్తే, ఓరోజు ఇసుక మధ్యలో నా గతేమిటి?

వెళ్లి ఆయన వెనకాల నిలబడ్డాను. ఎడమ చెయ్యి భుజం మీద వేశాను. చూపుడు వేలితో, ఇంజను ఎలా అంటోందో అలా కొట్టాను. టక్. టక్. టక్.

ఆయన భుజం బిగుసుకుపోయింది. తర్వాత చెయ్యి పైకి వచ్చి నా చేతిని కప్పింది. గ్రీజు మరకల చెయ్యి. ఆయన వెనక్కి తిరగలేదు.

"తొందరపడకు" అన్నాడు నాకు మాత్రమే వినపడేట్టు. "మీ పెద్దమ్మ ఒక్కో దెబ్బా విడిగా వేస్తుంది."

నేను ఒక్కో దెబ్బా విడిగా వేశాను. ఆయన స్క్రూడ్రైవరు మొన మళ్లీ ఇంజనుకి ఆనించి, ఫొటోగ్రాఫర్ని యాక్సిలరేటరు తొక్కమన్నాడు. చప్పుడు జోరందుకుంది, నా వేలూ అందుకుంది. వదలమన్నాడు. నెమ్మదించింది. ఇంజను వెచ్చబడేకొద్దీ దెబ్బలు పలచబడి, చివరికి ఆగిపోయాయి. నా వేలూ ఆగింది.

"ఆపు బాబూ" అన్నాడు. గొంతులో పాత మేస్త్రీ వచ్చేశాడు. "ఇందాక నేనన్నది తప్పు. పిస్టను అరిగింది. ఇంజను విప్పి, సిలిండరు లోపల సాపు చేయించి, కొత్త పిస్టను వెయ్యాలి. చట్రం మాత్రం గట్టిది."

"అయ్యో, అది నేను మొన్న ఫోన్లోనే చెప్పాను కదండీ!" అన్నాడు ఫొటోగ్రాఫరు. "చల్లగా ఉంటే టక్ టక్ మంటుందండీ అని. మీరు 'సరే సరే, అలాగే' అన్నారు. ఇప్పుడు బంగారం అంటుంటే నాకే మతిపోయింది."

పాపం, దొంగ కాదు. అనవసరంగా కన్నేసి ఉంచాను.

పెద్దమ్మ ఇంట్లోంచి దాదాపు పరుగున వచ్చింది. మెడలో టేపు, పెదాల మధ్య దారం ముక్క. ఆయన భుజం మీద నా చెయ్యి చూసి మెట్టు మీదే ఆగిపోయింది. దారం తీసేసి, "ఎప్పుడు తెలిసింది?" అంది.

"ఇప్పుడే. నాకెందుకు చెప్పలేదు పెద్దమ్మా? పరాయిదాన్నా?"

"చెప్పనివ్వలేదే తల్లీ. చెవికి మిషను పెట్టుకోండి అంటే, చెవిటి మెకానిక్కు దగ్గరికి ఎవడొస్తాడంటాడు. నీకు తెలిస్తే ఇలా బండి చూడ్డానికి పిలవ్వని భయం ఆయనకి. పదిరోజులుగా ఈ బండి కోసం నిద్రపోలేదు, తెలుసా? పిల్లకి నేను చూసిపెట్టే ఆఖరి బండి అనుకుంటూ."

పెదనాన్న మా పెదాలు చదువుతున్నాడు. చదివి, చూపు దించుకున్నాడు. నేను ఎదురుగా వెళ్లి నిలబడి, ఒక్కో మాటా విడదీసి చెప్పాను.

"చెవి ఎవరిదైతే ఏంటి పెదనాన్నా? తల నీదేగా. నువ్వు చూడకుండా నేను బండి కొనను."

ఆయన నా కొంగు మీది దుమ్ము దులిపాడు. "ఇస్త్రీ చీర పాడు చేసుకున్నావు" అన్నాడు.

కథ ఇక్కడ ఆగితే అందరికీ బాగుండేది. కానీ ఫొటోగ్రాఫరు అన్న మాట నా బుర్రలో తిరుగుతోంది. సరే సరే, అలాగే. నిన్న పొద్దున నేను స్నానానికి వెళ్లినప్పుడు నా ఫోను పెదనాన్న దగ్గరే ఉంది. ఎవరన్నా చేశారా అంటే, ఏదో రాంగ్ నంబరు అన్నాడు.

ఫోను తీసి నిన్నటి కాల్స్ చూశాను. దొడ్ల పెద్ద. అవతలి గొర్రెలన్నిటికీ ఆయనే బాధ్యుడు. మూడు నిమిషాలు మాట్లాడినట్టుంది. రాంగ్ నంబరుతో ఎవరూ మూడు నిమిషాలు మాట్లాడరు. వెంటనే కలిపాను.

"డాక్టరమ్మా, ఎంతవరకు వచ్చారు?" ఆయన గొంతు ఆదుర్దాగా ఉంది. "ఉదయాన్నే వస్తారన్నారని మందని మేతకి వదల్లేదు. నిన్న ఒక్కటే పడిపోయింది. ఇప్పుడు ఆరు. మెడలు నిలబెట్టలేకపోతున్నాయి."

పెదనాన్న నా మొహం చూస్తున్నాడు. "ఎవరు?" అన్నాడు. చెప్పాను. ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేకుండా పోయింది.

"నేనే" అన్నాడు. "సరే అన్నది నేనే. ఏమన్నాడో తెలీక సరే అన్నాను."

ఆయనే తేరుకుని, బగ్గీ కేసి చూశాడు. ఇసుకలో నడపడం నాకింకా రాదు, వచ్చే వారం నేర్పుతానని ముందే అన్నాడు. మందుల సంచి మాత్రం నిద్రలో కూడా నా పక్కనే ఉంటుంది.

"తీసుకెళ్లండి, మేస్త్రీ గారూ" అన్నాడు ఫొటోగ్రాఫరు, ఎవరూ అడక్కముందే తాళం చేతిలో పెడుతూ. "బేరం తర్వాత చూసుకుందాం."

"బేరింగు ఇవాళ్టికి ఓర్చుకుంటుంది" అన్నాడు పెదనాన్న. "ఇంజను వెచ్చగా ఉంది, పోతుంది. కానీ వేడి మీద కూడా ఆ చప్పుడు వచ్చిందంటే పిస్టను విరగబోతున్నట్టు. అక్కడికక్కడే ఆపాలి. ఆపకపోతే ఇంజను పట్టేస్తుంది, ఇక కదలదు."

నడపాల్సింది ఆయన. వెళ్లాల్సింది నేను. వినాల్సింది పెద్దమ్మ. ఉన్నవి రెండు సీట్లు.

పెద్దమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆయన్ని కూర్చోబెట్టి బెల్టు బిగించింది. నన్ను పక్కన కూర్చోబెట్టి, నా చెయ్యి తీసుకుని ఆయన భుజం మీద పెట్టి, పైన తన చెయ్యి వేసి ఒకసారి నొక్కింది. మూడేళ్లలో మొదటిసారి ఆ చెయ్యి తన చోటు ఇంకొకరికి ఇచ్చింది.

"ఒక్కో దెబ్బా విడిగా వెయ్యి" అంది. "వినపడినదే వెయ్యి. ఆయన బాధపడతాడని దాచకు. నేనెప్పుడూ దాచలేదు."

ఊరి చివరి కంచె దాటాం. ఇసుక మొదలైంది. పెదనాన్న నడుపుతుంటే బగ్గీ ఇసుక మీద మెత్తగా ఈదుకుంటూ పోయింది. భుజం నా చేతి కింద నిమ్మళంగా ఉంది. మొదటి దిబ్బ ఎక్కాం, దిగాం. రెండోదీ దాటాం. మూడోది అన్నిటికంటే పెద్దది. సగం ఎక్కేసరికి నుదుట చెమట తుడుచుకుని, చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ నవ్వు చూసి చాలా ఏళ్లయింది.

దిబ్బ కొస మీదికి రాగానే దూరంగా దొడ్లు కనిపించాయి. ఎవరో తలపాగా విప్పి మా వైపు ఊపుతున్నట్టు, ఒక చుక్క అటూ ఇటూ ఊగుతోంది. ఇంకో ఐదారు కిలోమీటర్లు.

అప్పుడు వినిపించింది. టక్.

నా వేలు పైకి లేచి అక్కడే ఆగింది. ఎదురుగా ఊగుతున్న తలపాగా. ఇంకో దెబ్బ. టక్.

పెదనాన్న ఇసుక మీంచి చూపు తిప్పలేదు. నా వేలు లేచి మళ్లీ పడలేదని మాత్రం ఆయన భుజానికి తెలిసిపోయింది.

"ఏమంటోందే తల్లీ?" అన్నాడు.